ఒక పొర తక్కువ

అక్కా,

నువ్వు అల్లి పంపిన ఉన్ని గ్లవ్స్ అందాయి. చాలా మెత్తగా ఉన్నాయి. కానీ వేసుకోవడం లేదు, కోప్పడకు.

నువ్వు చెప్పినట్టే పొర మీద పొర వేసుకుని, లైబ్రరీకి వెళ్లేముందు సరస్సు చుట్టూ పరుగెత్తేదాన్ని. పొగమంచులో ఒకామె తోడు కలిసింది. ఆమె ఒంటి మీద పల్చని చొక్కా ఒక్కటే.

"ఏంటమ్మాయ్, బట్టల మూటలా వచ్చావు? బయల్దేరేటప్పుడు కాస్త చలెయ్యాలి. పరుగెత్తితే ఒళ్లు అదే వేడెక్కుతుంది. ఒకటి తీసెయ్" అంది.

మా లైబ్రరీలో పరుగు గురించి ఉన్న పుస్తకంలోనూ అలాగే ఉంది. కోటు తీశాను. మర్నాడు స్వెట్టర్ తీయమంది. ఆ తర్వాత టోపీ, మఫ్లర్.

ఇప్పుడు నాకు చలి వేయదు. నిన్న సరస్సు దగ్గర కాపలా ఉండే తాత నన్ను ఆపి, "ఒక్కదానివే ఎవరితో మాట్లాడుతున్నావు తల్లీ? పెదాలు నీలంగా అయిపోయాయి, ఇంటికి పో" అన్నాడు. గదికొచ్చి వేడి గ్లాసు పట్టుకున్నాను. వేళ్లు బొబ్బలెక్కాక గానీ కాలిందని తెలియలేదు.

ఆదివారానికి సరస్సు మీద మంచు గట్టిపడుతుందట. బూట్లు విప్పేసి అడ్డంగా అవతలికి పోదామంది. సరేనన్నాను. నాకు కాదనడం చేతకాదని నీకు తెలుసు. స్కూల్లోనూ నా బదులు నువ్వే చెప్పేదానివి.

శనివారం సాయంత్రానికే వచ్చెయ్యక్కా. ఈమధ్య ఆమె నా గది దాకా వస్తోంది. తెల్లారి తలుపు తడితే నన్ను లేవనివ్వకు. నువ్వే వెళ్లి, నేను రానని చెప్పు.

నీ చెల్లి