నాన్న టేపుల్లో ఖాళీలు

ఆగస్టు 2, 2003. లాంగ్ సుయెన్, వియత్నాం

ఇంగ్లీషు పరీక్ష ఇరవై ఐదున. గట్టెక్కితే చేపలు కోసే షెడ్డు నుంచి ఎగుమతుల ఆఫీసులోకి మారతాను. చేతుల నీచువాసన వదులుతుంది.

అటక మీది నుంచి నాన్న ఇంగ్లీషు పాఠాల క్యాసెట్లు దించాను. మొత్తం ఐదు. పదహారేళ్ళుగా వాటిని ఎవరూ ముట్టుకోలేదు. నాన్న పోయి నాలుగేళ్ళయినా ఆ గొంతులో దర్పం పోలేదు. వాక్యం సగం చెప్పి ఆగుతాడు. ఆ ఖాళీలో మనం రికార్డు మీట నొక్కి, మిగతా సగం చెప్పాలి. తర్వాత వెనక్కి తిప్పి మన తప్పులు మనమే వినాలి. కొత్త టేపులు దొరకని రోజుల్లో ఊళ్ళో సగంమందికి ఇలాగే నేర్పాడు. ఒకరి జవాబు మీదే ఇంకొకరి జవాబు.

ఆగస్టు 5

నాలుగు టేపులు పూర్తి. ముప్పై రెండేళ్ళ దాన్ని, ఐ హావ్ బీన్ వర్కింగ్ దగ్గర ఇంకా నాలుక మడతపడుతోంది.

ఏమిటే పీతను నమిలినట్టు ఆ మాటలు అని అమ్మ వెక్కిరించింది. కానీ నాన్న గొంతు మొదలవగానే వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోతోంది. గమనించాను.

ఆగస్టు 8, ఉదయం ఆరు

చేతులకు బియ్యప్పిండి. మీట నొక్కలేదు. ఐదో టేపులో నాన్న, ఇఫ్ ఇట్ రెయిన్స్, అన్నాడు.

ఖాళీలో ఒక ఆడపిల్ల, ఐ విల్ స్టే ఎట్ హోమ్, అంది.

మా చాంద్రమానంలో ఇది ఏడో నెల, దిక్కులేని ఆత్మలు తిరిగే నెల. టేపు ఆపకుండానే పెరట్లోకి పరుగెత్తాను.

ఆగస్టు 8, సాయంత్రం

పదిహేనుసార్లు విన్నాను. అది హై అక్క గొంతు.

మా వైపు పెద్దబిడ్డను హై అంటారు, అంటే రెండు. ఒకటి ఎవరికీ ఇవ్వం. రెండోదాన్ని కాబట్టి నేను బా, అంటే మూడు. ఇంట్లో ఒక్కదాన్నే మిగిలినా మూడునే. మరి మీ రెండేదీ అని కొత్తవాళ్ళు అడిగితే, బజారుకెళ్ళింది, వచ్చేస్తుంది అంటుంది అమ్మ. అక్క పద్దెనిమిదేళ్ళకు పడవెక్కి దేశం దాటింది. ఉత్తరం లేదు, కబురు లేదు. అగరొత్తుల పీట మీద నాన్న పక్కన దాని ఫొటో పెట్టనివ్వదు అమ్మ. పెడితే మన చేత్తో మనమే చంపుకున్నట్టు అంటుంది.

ఆగస్టు 9

ఆ నాలుగు టేపుల్లోనూ అక్కే ఉండేది. ఇప్పుడు నేనున్నాను.

ఆగస్టు 12, పున్నమి

చేప పొట్ట కోస్తుంటే చెవిలో అదే మాట. ఐ విల్ స్టే ఎట్ హోమ్. వేలు తెగింది.

ఇంటికొచ్చేసరికి అమ్మ గుమ్మం బయట గంజి, పేలాలు, ఉప్పు పెట్టింది, దిక్కులేని ఆత్మలకు. ఏటా గట్టిగా ఒక మాట చెప్తుంది. మా ఇంటివాళ్ళెవరూ మీలో లేరు, తిని వెళ్ళండి అని. ఈసారి చెప్పలేదు.

లోపలికొచ్చి, మీ నాన్న టేపు కాస్త వినిపించవే అంది. మిషను పాడైందన్నాను.

ఆగస్టు 15

చెప్పేశాను. నాలుగు టేపుల్లో అక్కను చెరిపింది నేనే అని చెప్పేశాను.

తెలుసులేవే అంది అమ్మ. అది వెళ్ళాక మీ నాన్న వాటిని అటకెక్కించిందే అందుకు, వినే గుండె మా ఇద్దరికీ లేక. నువ్వు దించినప్పుడే వద్దనాల్సింది. ఎందుకొద్దంటే దాని పేరెత్తాలి. ఎత్తలేక నోరు మూసుకు కూర్చున్నాను. నాలుగు టేపులు అయిపోయేదాకా కూర్చున్నాను అంది.

తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు ఊపిరాడేది.

ఐదో టేపు పెట్టాను. అమ్మ మిషనుకు చెవి ఆనించింది. ఏమంటోందే అని అడిగింది. వాన పడితే ఇంట్లోనే ఉంటానంటోంది అన్నాను.

అది వెళ్ళిన రోజు ఒక్క చినుకైనా పడలేదు అంది అమ్మ.

ఆగస్టు 25

పరీక్ష రాశాను. ఎలా రాశానో తెలియదు. తిరిగొచ్చేసరికి పీట మీద నాన్న పక్కన అక్క ఫొటో ఉంది. ముందు గిన్నెడు అన్నం, చేపల పులుసు, చాప్‌స్టిక్స్. అమ్మ గుమ్మం దగ్గర వానను చూస్తూ కూర్చుంది. పక్కన కూర్చున్నాను. ఇద్దరం చాలాసేపు ఏడ్చాం.

ఆగస్టు 27

ఐదో టేపు చివరి పాఠానికి అక్క జవాబు చెప్పలేదు. ఆ వారమే వెళ్ళిపోయింది. అమ్మ నన్ను మీట నొక్కమంది.

ఇప్పుడు ఆ టేపులో నాన్న, వేర్ ఆర్ యు, అంటాడు. హై, అన్నం చల్లారిపోతోందే, రా, అంటుంది అమ్మ.