బకిల్ వెనక సింహం

ఏలూరు,
ఆదివారం, ఆరాధన అయ్యాక

ప్రేమగల యేసమ్మక్కకి చెల్లెలు మెర్సీ వందనాలు చెప్పి రాసేది.

ఫోనులో నీకు సరిగా వినపడడం లేదని ఉత్తరమే రాస్తున్నాను. బావగారి దగ్గు తగ్గిందా? ప్రార్థనలో తలుచుకుంటున్నాం.

అమ్మ వెండి బకిల్ సంగతి చెప్పాలి. మిషన్ ఆసుపత్రిలో అమ్మ నర్సు చదువు ముగించిన రోజున దొరసానమ్మగారు తన బెల్టు తీసి అమ్మ నడుముకి పెట్టారట కదా. అమ్మ పోయేముందు ఆ బకిల్ విడదీసి, కొక్కెం ఉన్న ముక్క నీకూ, కన్నం ఉన్న ముక్క నాకూ ఇచ్చింది. వచ్చే నెల మా శాలిని నర్సింగు పూర్తవుతుంది. ఆ రోజు రెండూ కలిపి దానికి పెట్టాలని నా ఆశ. నా ముక్క మీద నీలం రంగు పెచ్చులు లేస్తోందని, పాత వెండి సామాను బాగుచేసే నిత్యానందం గారి కొట్టుకి శాలినీ నేనూ వెళ్ళాం.

ఆయన భూతద్దం పెట్టి వెనకవైపు చూశారు. దొరల దేశపు వెండికి వెనక ముద్రలుంటాయట. నడిచే సింహం ఉంటే మేలైన వెండి అని, లంగరు ఉంటే ఏ ఊళ్ళో పరీక్ష చేశారో చెప్పే గుర్తట. ఒక అక్షరం ఏడాదికి, రెండక్షరాలు చేసినవాడి పేరుకి. క్రిస్మసుకి శాలిని నీ ముక్కని ఫోటో తీసింది కదా, అది పక్కన పెట్టుకుని చూశారు.

"మీ అక్కగారి సింహం సింహమేనండి. మీదేమో ఊరకుక్కలా ఉంది" అని నవ్వారు. "అక్షరాలు కూడా తిరగబడ్డాయి చూడండి. ఇది ముద్ర గుద్దింది కాదు, ఎవరో చెక్కారు. ఈ నీలం కూడా కొలిమిలో కరిగించిన గాజు కాదండి, పడవలకి పూసే రంగు."

"అయితే వెండి కాదాండీ?"

"వెండేనండి. మన వెండి. ఆ దేశం నుంచి వచ్చిన ముక్క మాత్రం కాదు."

దారిలో శాలిని ఏదో మాట్లాడుతూనే ఉంది. నాకేమీ ఎక్కలేదు. చిన్నప్పుడు కొత్త గౌన్లు నీకు, పాతవి నాకు వచ్చేవి. దానికి నేనేనాడూ నొచ్చుకోలేదక్కా. కానీ ఇద్దరికీ సమానంగా పంచుతున్నానని అమ్మ మంచం మీద ప్రార్థన చేసి మరీ ఇచ్చింది. ప్రార్థన చేసిన నోటితోనే చిన్నదానికి నకిలీ ఇచ్చేసిందా?

గురువారం నెల్సన్ గారు పనిమీద తాడేపల్లిగూడెం వస్తున్నారు. నా ముక్క ఆయనతో పంపుతున్నాను. నీ దగ్గరే ఉంచు. శాలినికి బజారు బెల్టు కొంటాను. నీ మీద నాకు కోపం లేదు. అమ్మ మీద ఉంది. అది పోవాలని మోకరిస్తున్నాను.

నీ చెల్లెలు,
మెర్సీ

ఏలూరు,
మంగళవారం

అక్కా,

నువ్వు క్షేమంగా గూడెం చేరావని బావగారు చెప్పారు. నువ్వు చెప్పినదంతా మళ్ళీ నీకే రాస్తున్నాను, నా మనసులో నిలవాలని.

రెండు ముక్కలూ సంచిలో పెట్టుకుని మా ఇంటికి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా తిట్టావు. "పిచ్చిమొహమా, నకిలీ అన్నదెవరే? ఇది నాన్న చేశాడే. నీకు తెలుసనుకున్నాను."

నాకెలా తెలుస్తుందక్కా? నేను పుట్టకముందే పోయిన నాన్న పేరెత్తితే అమ్మ మాట మార్చేసేది.

నేను అమ్మ కడుపులో ఉన్నానట. అమ్మ ఏదో లంకలో ఎవరికో కాన్పు చెయ్యడానికి వెళ్ళి, పడవ దిగుతుంటే బకిల్ ఊడి ఒక ముక్క కొల్లేట్లో పడిపోయిందట. పడవలు బాగుచేసే నాన్న పొద్దుగూకేదాకా బురదలో దేవులాడినా దొరకలేదట. అమ్మ అన్నం మానేసి కూర్చుంటే, తన వెండి మొలతాడు కరిగించి, మిగిలిన ముక్కని ఎదురుగా పెట్టుకుని ఇది చేశాడట. ముందువైపు పువ్వు ఆ ముక్క మీద అటు తిరిగితే ఈ ముక్క మీద ఇటు తిరగాలి కదా. వెనక ముద్రలు కూడా అలంకారమే అనుకుని, వాటినీ పువ్వులాగే ఇటు తిప్పి చెక్కేశాడు.

"ఏవండీ, ఇది సింహమేనా?" అని అమ్మ నవ్విందట.

"కొల్లేట్లో సింహాన్ని ఎక్కడ చూశానే?" అన్నాడట నాన్న.

అప్పుడు నువ్వు పమిట కళ్ళకి అద్దుకుని అన్నావు: "ఆ ముక్క నాకిమ్మని అమ్మని అడిగానే. ఇవ్వలేదు. 'నీకు మీ నాన్న పదేళ్ళు ఉన్నాడు, దానికేముందే?' అంది. అప్పట్నించీ నాకూ మనసులో ముల్లే."

నువ్వు బస్సెక్కాక నా ముక్క పట్టుకుని మళ్ళీ నిత్యానందం గారి దగ్గరికి వెళ్ళాను. రంగు మార్చొద్దని చెప్పాను. చేసినాయన ఎలాంటివారో దీన్ని చూసి ఇంకేమైనా తెలుస్తుందా అని అడిగాను. ఆయన చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూశారు.

"గీతలు ఒరిగిన తీరు చూస్తే ఎడమచేతివాటం మనిషండి" అన్నారు.

నా చిన్నప్పుడు బళ్ళో టీచర్లు, చర్చిలో పెద్దలు, ఆఖరికి నువ్వు కూడా నాకు ఆ చేతివాటం మాన్పించాలని చూశారు. అమ్మ ఒక్కతే, "దాని చెయ్యి దానిదండి, వదిలెయ్యండి" అనేది.

ఈ ఉత్తరం ఆ చేత్తోనే రాస్తున్నాను.

నీ చెల్లెలు,
మెర్సీ