పిచ్చుక తిన్న గింజ

లూర్దమ్మకు,

అక్కడ నీకు మోకాళ్ల నొప్పులు తగ్గాయా? నువ్వు వెళ్లి పద్నాలుగు నెలలు దాటింది. నేను బాగానే ఉన్నాను. కుట్టు మిషనూ బాగానే ఉంది. ఇద్దరం కిర్రుమంటున్నాం, అంతే.

నీకొక సంగతి చెప్పాలని కాగితం తీశాను. మన గుళ్లో ఫాదరుగారు పండగలకు వేసుకునే తెల్లటి పూజవస్త్రం భుజాల దగ్గర చివికిపోయింది. నువ్వు రొమ్ము మీద కంకి కుట్టావే, అదే...

ఆ కంకి కథ నీకు గుర్తుందా? పాత ఫాదరుగారు గోధుమ కంకి కుట్టమన్నారు. మనం గోధుమపిండి చూశాం గానీ గోధుమ చేను ఎక్కడ చూశాం? నువ్వు వినుకొండ నుంచి మీ అక్కయ్య చేలో జొన్నకంకి తెప్పించి, ఎదురుగా పెట్టుకుని దించేశావు. అది గోధుమ కాదే అని నేను నెత్తీ నోరూ కొట్టుకుంటే ఏమన్నావు? "గోధుమలు తినేవాళ్ల దేవుడైతే జొన్నలు పండే ఊరికి ఎందుకొచ్చాడంట? వచ్చాక ఏది పెడితే అది తినాల." ఫాదరుగారు చూసి నవ్వి, అదే వేసుకున్నారు.

మాట అటు పోయింది. ఇటు వస్తాను.

కొత్త ఫాదరుగారు కుర్రవాడు, మనిషి కాస్త పొట్టి. ఈస్టరుకు కొత్తది కుట్టమన్నారు. కొలతలకు ఆదిగా చూసుకోవడానికి పాతది వారం రోజులు నా దగ్గర ఉంచుకుని తిరిగి ఇచ్చెయ్యమన్నారు. దీవించిన బట్టను పారెయ్యకూడదట, మసిగుడ్డ చెయ్యకూడదట. కాల్చి, ఆ బూడిదను ఎవరూ తొక్కని చోట పూడ్చాలట. యాభై ఏళ్లుగా ఫాదర్లకు కుడుతున్నాను. ఆ బట్టలు చివరికి ఏమవుతాయో ఏనాడైనా అడిగానా?

కంకి వరకు కత్తిరించుకుంటానని బతిమాలాను. ఆయన మంచివాడే, నా చెయ్యి పట్టుకున్నారు. పూజకు వాడింది ఇంట్లో ఉంచేసుకోకూడదన్నారు.

నీ చేతికుట్టు మిగిలింది అదొక్కటే లూర్దమ్మా. మనింట్లో ఒక్కటీ లేదు. నా దిండు గలేబు మీద ఒక పువ్వు వెయ్యమంటే "నీ తలనూనెకు పువ్వొకటా?" అన్నావు. ఇప్పుడా గలేబు మీద నూనె మరక ఒక్కటే ఉంది.

అందుకని నాకొక దొంగ ఆలోచన వచ్చింది. నేనొక కంకి కుట్టి, నీది కోసుకుని, ఆ చోట నాది అతికిస్తే? కాలిపోయేదాన్ని ఎవరు కళ్లజోడు పెట్టుకుని చూస్తారు?

మూడు మధ్యాహ్నాలు కూర్చుని కుట్టాను. మొదటిది బీరకాయలా వచ్చింది. రెండోది ఏ కాయో నాకే తెలియలేదు. మూడోది కంకే... దూరం నుంచి చూస్తే.

కత్తెర చేతిలోకి తీసుకున్నాను. అప్పుడు నీ మాట వినపడింది. "పూజబట్ట ముట్టుకునే ముందు చేతులు కడుక్కోవయ్యా. కత్తెరకు తెలియకపోయినా బట్టకు తెలుసుద్ది." దొంగతనానికి కూడా చేతులు కడుక్కోవాలా? కడుక్కునే వచ్చాను. పనివాణ్ణి కదా, కొయ్యడానికి వెనకవైపు తిప్పాను.

నువ్వెప్పుడూ కుట్టును వెనక నుంచే చూసేదానివి. "ముందువైపు ఊరికి, వెనకవైపు దేవుడికి" అనేదానివి. నీ కంకి వెనక కూడా ముందులాగే ఉంది. ఒక్క ముడి లేదు. కింది వరసలో గింజంత ఖాళీ ఉంది. ఆ ఖాళీ చుట్టూ ఎనిమిది సన్నటి సూదిబెజ్జాలు.

అవి నావి.

అప్పుడు నీకు చూపు మందగించి ఒక గింజ వదిలేశావనుకున్నాను. నువ్వు మందుబిళ్లలకు గురజాల వెళ్లినప్పుడు నేనే నింపేశాను. నువ్వు వచ్చి ఆ దారం విప్పేశావు. పక్కనే కూర్చున్న నన్ను చూడకుండా అన్నావు. "అది పిచ్చుక తిన్న గింజ. చేలో ఏ కంకైనా నిండుగా ఉంటదా ఏంది? పిట్ట నోటి కాడిది లాక్కోబాకు."

ఒక్క గింజకే నా దారం ఒప్పుకోలేదు నువ్వు. అలాంటిది నీ చోట నా కంకి పెట్టి, నిన్ను పెట్టెలో దాచుకుంటే ఒప్పుకుంటావా?

కత్తెర పక్కన పెట్టేశాను. మడత పెట్టి, ఉన్నది ఉన్నట్టు తీసుకెళ్లి ఇచ్చాను.

పండగకు ముందు మంగళవారం పొద్దున పూజయ్యాక, గుడి వెనక కాల్చారు. అగ్గిపెట్టె ఫాదరుగారు నా చేతికే ఇచ్చారు. బట్ట ముందు అంటుకుంది, కంకి ఆఖరున. గింజ గింజగా నల్లబడింది... నీకు నొప్పి తెలిసిందా? బూడిదను గోడవార నందివర్ధనం మొదట్లో పూడ్చాం. అక్కడికి కోళ్లు కూడా రావు.

తర్వాత కొత్తదాని మీద నేనే కంకి కుట్టాను. గోధుమ కాదు. జొన్నే. ఈసారి దగ్గర నుంచి చూసినా కంకే అంటున్నారు, చూపు ఆననివాళ్లు.

ఈస్టరు నాడు ఫాదరుగారు చేతులు పైకెత్తితే కంకి కూడా లేచింది. ఆడవాళ్ల వైపు, రెండో వరసలో, నువ్వు కూర్చునే చోటికి చూశాను. ఎందుకు చూశానో...

పూజయ్యాక ఆయన నన్ను పక్కకు పిలిచి, కింద ఒక గింజ కుట్టడం మరిచినట్టున్నానని మెల్లగా చెప్పారు. పిచ్చుక తినిందండీ అన్నాను. ఆయన కంకిని చూడలేదు, నా కళ్లజోడు వంక జాలిగా చూశారు.

నీ కంకి బూడిదైంది లూర్దమ్మా. కానీ ఆ ఖాళీలో దారం లేదు కదా, కాలడానికి ఏముంది? దాన్నొక్కటే ఇవతలికి తెచ్చుకున్నాను.

ఫాదరుగారు మామూలు ఆదివారాలకు వేసుకునే ఆకుపచ్చ వస్త్రం కూడా అంచులు వదులుతోంది. సూదిలో దారం ఎక్కినన్నాళ్లూ నేనే కుడతాను. ఏది కుట్టినా ఆ గింజ జోలికి పోను.

చేతులు కడుక్కునే రాశాను.

నీ
ఇన్నయ్య