మూడో స్కానింగు

డులూత్, ఫిబ్రవరి 26

సిగ్రిడ్ అక్కా,

ఫోనులో చెప్పడానికి నోరు రాక ఈ కార్డు ముక్క రాస్తున్నాను. మీ మరిది ఆర్విడ్‌కు నిన్న ఇక్కడి ఆసుపత్రిలో మూడోసారి మెదడు స్కానింగు తీశారు. హీటరు విషవాయువుతో పడ్డ తెల్ల మచ్చలు బాగా తగ్గాయి. ఆక్సిజన్ గదిలో పెట్టి చేసిన వైద్యం పనిచేసిందట.

ఇన్ని వారాలూ ఈయన పొద్దున లేవగానే, "అన్నయ్య సరస్సు మీదికెళ్లాడా? చేపలేమైనా పడ్డాయా?" అని అడిగేవారు. బావగారు సరస్సు మంచు మీద వేసిన ఆ చేపల గుడిసెలోనే పోయారని రోజూ నేనే చెప్పాలి. అప్పుడే విన్నట్టు ఏడ్చి, మధ్యాహ్నానికి మరిచిపోయేవారు.

ఈ పొద్దున అడగలేదు. గోడవైపు తిరిగి, "గుడిసె గాలి కంతలో చలి రాకుండా నా ఉన్ని టోపీ కుక్కింది నేనే, సోల్వే. అన్నయ్య 'తియ్యరా, ఊపిరాడదు' అన్నాడు. 'ఊరంతా కుక్కుతారు, నీకే వచ్చిందేం భయం' అని నవ్వాను" అన్నారు.

డాక్టరమ్మకు చెబితే, "జ్ఞాపకం తిరిగొచ్చింది, మంచి కబురేనమ్మా" అంది.

మా వంటింటి కుళాయి సన్నగా వదిలి ఉంచు, లేకపోతే గొట్టాల్లో నీళ్లు గడ్డకడతాయి. మంచు పల్చబడకముందే గుడిసెను ఒడ్డుకు లాగమని పక్కింటి హాల్వర్‌తో చెప్పు. నువ్వు మాత్రం అటు వెళ్లకు. పిల్లలకు నా ముద్దులు.

వీలైతే ఆదివారం రా, అక్కా. ఈయన్ని ఏమనాలనిపిస్తే అది అను, నేను అడ్డురాను. ఇక మరిచిపోరు.

నీ చెల్లెలు,
సోల్వే