నీలమ్మత్త కాళ్ళ కింది గోనెసంచి

పలాస,
బుధవారం పొద్దున.

అక్కకి శేషు దండాలు పెట్టి రాస్తున్నది.

నువ్వూ బావగారూ కులాసాగా ఉన్నారనీ, పండుగాడికి జ్వరం తగ్గి మళ్ళీ బడికి పోతున్నాడనీ అనుకుంటున్నాను. నేను బాగున్నాను. వేళకి తింటున్నాను. నిజంగానే బాగున్నాను, ఉత్తరం వచ్చిందని బెంగపడకు. ఫోన్ చేయొచ్చుగా అంటావు. ఫోన్లో నా గొంతు వినగానే "మళ్ళీ ఎవరితో పెట్టుకున్నావురా" అని అడుగుతావు. ఈసారి పెట్టుకున్నాను. కాగితం మీదైతే నువ్వు మధ్యలో అడ్డు రాలేవని రాస్తున్నాను. చివర్లో నీతో చిన్న పని కూడా ఉంది.

ఇక్కడ ఎండలు ముదిరాయి. సముద్రపు గాలికి చొక్కా ఒంటికి అంటుకుపోతుంది. ఇంటి ఓనరుగారి భార్య వారానికోసారి పచ్చి జీడిపప్పు కూర గిన్నెలో పోసి పంపుతుంది. అది తిన్న రోజు నువ్వు గుర్తుకొస్తావు, ఎందుకంటే నీకు పెట్టకుండా తిన్నానే అనిపిస్తుంది. ఆదివారాలు మాత్రం తోచదు. మాట కూడా కొంచెం మారింది. మొన్న టీ కొట్లో నేనే "ఏటి, ఇంకా అవ్వలేదా" అన్నాను. అని నేనే నవ్వుకున్నాను.

నా పని నీకు తెలుసు కదా. కిడ్నీలు పాడైనవాళ్ళని ఒడ్డు ఊళ్ళనుంచి పలాసకి డయాలసిస్‌కి తీసుకురావడం, మళ్ళీ దింపడం. డొంకూరు అవతల కొన్ని ఇళ్ళున్నాయి, సరుగుడు తోట దాటాక అక్కడికి రోడ్డు లేదు, అంతా ఇసక. అందుకే మా సంస్థవాళ్ళు నాలుగు చక్రాలూ తిరిగే జీపు కొన్నారు. మన దివిసీమలో నాకు బురద తెలుసు గానీ ఇసక తెలీదక్కా. బురద పట్టుకుంటుంది, ఇసక జారిపోతుంది. ముందు చక్రాలు కూడా లాగితేనే బండి కదులుతుంది.

ఆ ముందు చక్రాల దగ్గరే గరగరమని శబ్దం మొదలైంది. వారంటీ ఉందిగా అని టెక్కలి దాటాక హైవే పక్కనున్న షోరూంలో ఇచ్చాను. నాలుగు రోజులు ఉంచుకున్నారు. తీసుకోవడానికి వెళ్తే బండి కడిగి, దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, చేతికి కొబ్బరికాయ ఇచ్చారు. కొట్టాను. సంతకం పెట్టమన్నారు. పెట్టాను. వెనక సీటు కింద గోనెసంచి ఒకటి, సగం బయటికి వచ్చి, మూతి కట్టి ఉంది. మా సారు ఎప్పుడూ "పాత సామాను అడిగి తీసుకురా, లేకపోతే మార్చారని నమ్మకమేంటి" అంటాడు. ఇక్కడ బళ్ళున్న వాళ్ళందరిదీ అదే పట్టు. అడక్కుండానే ఇచ్చారు, మంచివాళ్ళే అనుకున్నాను. తారురోడ్డు మీద వెనక చక్రాలు చాలు కాబట్టి పలాస దాకా బండి పువ్వులా వచ్చింది.

మర్నాడు పొద్దున్నే నీలమ్మత్త ఇంటికి వెళ్ళాను. ఆవిడ గురించి నీకు చెప్పాను కదా, నన్ను మొదటి రోజే "అల్లుడూ" అన్న మనిషి. వెళ్ళేటప్పుడు దిగుడు, ఖాళీ బండి, ఎలాగో దొర్లిపోయింది. ఆవిడా, భర్త దానయ్య మావా ఎక్కారు. ఆవిడ కాళ్ళు బాగా వాచిపోయి ఉన్నాయి.

"కాళ్ళకాడ ఏటో గట్టిగున్నాది బాబూ."

"పాత సామాను అత్తా, తీసేయనా?"

"ఒగ్గీ. కాళ్ళెట్టుకుంటే హాయిగున్నాది."

ఎత్తు మీదికి వచ్చేసరికి బండి ఆగింది. ముందు చక్రాలు కలిపే లీవరు లాగాను, లైటు వెలిగింది. వెనక చక్రాలు గిర్రున తిరిగి ఇసక తవ్వుకుంటున్నాయి. ముందు చక్రాల్లో చలనం లేదు. కాసేపటికి బండి పొట్ట నేలకి ఆనింది. తెప్పలు లాగే మనుషులు పదిమంది వచ్చారు. తెప్పని ఒడ్డుకి లాగినట్టే మోకు కట్టి, కింద దుంగలు వేసి, ఒకడు పాట పడితే అందరూ ఊపు అందుకుని లాగారు. బయటపడేసరికి సూర్యుడు నడినెత్తికొచ్చాడు. మేం పలాస చేరేసరికి అత్త మంచం ఇంకొకరికి ఇచ్చేశారు. రేపు రమ్మన్నారు. పడుకుంటే ఊపిరాడక ఆ రాత్రంతా ఆవిడ గోడకానుకుని కూర్చునే ఉందట. మర్నాడు సరుగుడు తోట దాకా మంచం మీద మోయించుకుని, అక్కణ్ణుంచి ఆటోలో వెళ్ళి డయాలసిస్ చేయించుకుని వచ్చాక ఒకటే మాట చెప్పింది. "నానింక రాను. పోతే ఇంటికాడే పోతాను."

అక్కా, డయాలసిస్ మానేస్తే ఆవిడ బతకదు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు.

అంతకుముందు, బండి బయటపడగానే కింద పడుకుని చూశాను. ఇంజను బలాన్ని ముందు చక్రాలకి తీసుకెళ్ళే ఇనుప షాఫ్టే లేదు. దాని చోటు బోసిగా ఉంది. దానయ్య మావ ఒంగి చూసి నన్నడిగాడు.

"తెప్ప బాగుసేయిత్తే వల ఎక్కించకముందు ఉత్తి తెప్పనే ఓపాలి నీట్లో దించి సూత్తాం. నువ్వు సూసినావా?"

చూడలేదు. కొబ్బరికాయ కొట్టి సంతకం పెట్టాను. ఆ కోపం నామీద నాకే ఉండాల్సింది, షోరూం మీదికి తీసుకెళ్ళాను. అత్త రానన్న మర్నాడే వెళ్ళి షాఫ్టు దొంగిలించారని అరిచాను. ఏమేం అన్నానో నీకు రాయను. కౌంటర్లో కుర్రాయన నా సంతకం చూపించి, "అన్నీ సరిగా ఉన్నాయని మీరే ఒప్పుకున్నారు సార్. బయట ఎక్కడో విప్పించినట్టున్నారు. అలాగైతే వారంటీ పోతుంది" అన్నాడు. డ్రైవరు తప్పని రాయబోయాడు కూడా. ఆ కాగితం మా సారు దగ్గరికి వెళ్తే నా ఉద్యోగం పోయినట్టే.

అప్పుడు వెనకనుంచి నూనె చేతులు తుడుచుకుంటూ ఒక మెకానిక్ వచ్చాడు. ఢిల్లేశ్వరరావు, నలభై ఏళ్ళుంటాయి, మందస దగ్గర మనిషి.

"సీటు కింద గోనెసంచి ఉండాల. ఇప్పి సూసినారా?"

విప్పాం. షాఫ్టు అందులోనే ఉంది, తుడిచి, కొత్త బోల్టులతో సహా.

"సంకలో పిల్లనెట్టుకుని ఊరంతా ఎతికినట్టున్నాది మన పని," అన్నాడతను. అని నవ్వలేదు. "ఇప్పింది నానే. ఇసక పడకుండా సంచిలో ఎట్టినాను. మా నాన్నకి డయాలసిస్ రోజు, మధ్యాన్నం ఎలిపోయినాను. మిగతా పని చేసినోడు పాత సామాననుకుని బండిలో ఎట్టేసినాడు. ఈ ఏపు డ్రైవర్లు పాత సామాను కోసం కొట్లాడతారని మాకు భయం." వారంటీలో మార్చిన పాత సామాను కంపెనీకే పోవాలట, మనకి ఇవ్వరట. అది వాళ్ళూ మర్చిపోయారు, నాకూ తెలీదు. కౌంటరాయన వద్దంటున్నా వినకుండా అతను కాగితం మీద తప్పు తనదేనని రాసి సంతకం పెట్టాడు.

పొద్దున్న తిట్టిన నోటితోనే అతన్ని క్షమాపణ అడిగాను. "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది" అని నువ్వు నాకు ఎన్నిసార్లు చెప్పావో. అతను షాఫ్టు బిగించి, నాతోపాటు ఇసకలోకి కూడా వచ్చాడు, ఇసకలో నడవడం చూడందే బండి వదలనని.

అత్త ఇంటి ముందు దానయ్య మావ మమ్మల్ని ఆపి, ఉత్తి బండిని ఎత్తు మీదికి మూడుసార్లు ఎక్కించి దింపించాడు. ఆవిడ గుమ్మంలో కూర్చుని చూస్తూనే ఉంది. మూడోసారి నేను దిగి ఆవిడ ముందు కూర్చున్నాను. తప్పు ఎక్కడ జరిగిందో, అందులో నాదెంతో అంతా చెప్పాను. ఆ సంచిలో ఉన్నదేమిటో కూడా చెప్పాను.

"అయితే సక్రాలు తిప్పేదాన్ని నా కాళ్ళ కిందెట్టుకుని నానే ఆపేసినానా?" అని నవ్వింది. నవ్వుతుంటే ఊపిరందక దగ్గొచ్చింది. తగ్గాక లేచి, నా భుజం పట్టుకుని బండెక్కింది. ఎక్కాక కాళ్ళు వేలాడేసి చూసుకుంది. "ఆ సంచే బాగుండీది బాబూ."

అప్పటినుంచి మానకుండా వస్తోంది. కానీ కాళ్ళు వేలాడుతూనే ఉన్నాయి. నీతో పని ఇదే అక్కా. అమ్మ చివరి రోజుల్లో కాళ్ళు వాచినప్పుడు నువ్వు ఆవిడ కాళ్ళ కింద పెట్టిన చిన్న చెక్కపీట వంటింట్లో ఉంది కదా. అప్పుడు నేను లారీ మీద ఎక్కడో తిరుగుతున్నాను. పెట్టింది నువ్వే, నేను లేను. ఆ మాట నీతో ఎప్పుడూ అనలేదు గానీ ఈ ఇసకలో బండి నడుపుతుంటే రోజూ అనిపిస్తుంది. నీకు ఇవ్వాలనిపిస్తే ఆ పీట పలాసకి బస్సు పార్సిల్లో వేయించు.

బావగారికి నమస్కారాలు, పెద్దమ్మ కాళ్ళకి నా తరఫున మొక్కు, పండుకి ముద్దులు. నన్ను గురించి దిగులొద్దు, బాగానే ఉన్నాను. నీ దీవెన ఉంటే చాలు.

నీ నోటి దురుసు తమ్ముడు,
శేషు.

మరిచాను. పీటని గోనెసంచిలో మాత్రం కట్టకు. ఇక్కడ ఎవరూ విప్పి చూడరు.