ఆగని పడవ నుంచి బావగారికి

బావగారికి,

చెరువు మధ్యలోంచి నమస్కారాలతో రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతే అది మోటారు కుదుపని అర్థం చేసుకోండి.

మీరు ఫోనులో చెప్పినట్టే పడవ మోటారును మంచం మీద దుప్పటి పరిచి విప్పాను, కడిగాను, మళ్ళీ బిగించాను. బ్రహ్మాండంగా స్టార్టయింది. కాకపోతే గేరు లివరు న్యూట్రల్‌లో పెట్టినా ముందుకే పోతోంది, రివర్సులో పెట్టినా ముందుకే పోతోంది. అందుకని పొద్దుటి నుంచి చెరువు చుట్టూ తిరుగుతున్నాను.

ఇంజను ఆపేయొచ్చు కదా అంటారు. ఆపితే నాకు పని రాదని ఒడ్డున అందరికీ తెలిసిపోతుంది. తిరుగుతున్నంతసేపూ షికారే అనుకుంటారు. ఇందాక పోస్టుమాస్టరుగారు చెయ్యి కూడా ఊపారు.

చిక్కంతా మీ చెల్లెలితోనే వచ్చింది. రేవు మెట్ల మీద నిలబడి, చేతిలో చిన్న ఇత్తడి పిన్ను ఎత్తి చూపిస్తూ, "ఏమండీ, ఇది మంచం కింద దొరికింది. మీ మోటారుదేనా?" అని అరిచింది. అంతమందిలో ఏం చెప్పను? "కాదు, నీ కుట్టుమిషనుది!" అని నేనూ అరిచాను.

మరో చుట్టు తిరిగి వచ్చేసరికి, ఎదురింటాయన చేత కుట్టుమిషను రేవుకి మోయించింది. ఇప్పుడు దాన్ని ముక్కముక్కలుగా విప్పేసి, ఆ పిన్ను ఎక్కడ పడుతుందో వెతుకుతోంది.

ఈ కాగితం చేపలాయన పడవలోకి విసురుతున్నాను. పెట్రోలు అయిపోయేలోగా కుట్టుమిషను ఎలా బిగించాలో రాసి పంపండి. మోటారు సంగతి నేను చూసుకుంటాను.

ఇంకా తిరుగుతున్న
మీ బావ