గరుకు చేసిన రోలు

గురువారం, రాత్రి

పాప ఇంగ్లీషు హోంవర్కులో 'రఫెన్' అనే మాట వచ్చింది. గరుకు చేయడం అని చెప్పాను. "నున్నగా ఉన్నదాన్ని ఎవరైనా గరుకు చేస్తారా అమ్మా?" అంది. పొద్దున మన రోలుకు చేయించింది అదే కదా అన్నాను.

అమ్మ పోయాక ఈ నల్లగండ్ల ఫ్లాటుకు తెచ్చుకున్న రోలు. ఆవిడ నూరీ నూరీ లోపలంతా నున్నబడిపోయి, పచ్చడి నలగడం లేదు. గేటు బయట కేకేస్తున్న రోళ్ళామెను పిలిస్తే, ఉలితో గంట్లు కొట్టి ఇచ్చింది. "మొదలు జరన్ని బియ్యం నూరి పారబొయ్యమ్మా, రాతిపొడి ఉంటది" అంది.

అమ్మైతే ఆ మొదటి పిండి పారబోసేది కాదు. "పోయినోళ్ళ వాటా" అంటూ కాకులకు పెట్టేది. నేనూ అలాగే పళ్ళెంలో బాల్కనీ గోడ మీద పెట్టి, తలుపులకు తాళం వేసి ఆఫీసుకు వెళ్ళాను.

సాయంత్రం పాపను డేకేర్ నుంచి తీసుకొచ్చి తాళం తీస్తే, పళ్ళెం తుడిచినట్టు ఖాళీగా ఉంది. పావురాలు రాకుండా బాల్కనీకి కట్టించిన వల అప్పుడు గుర్తొచ్చింది. అంతా తడిమి చూశాను. ఎక్కడా తెగలేదు.

పాపకు చెప్పలేదు. వచ్చింది అమ్మే అయితే... ఆకలితో వచ్చిన మనిషికి రాతిపొడి పెట్టాను.